కాశీ టికెట్లకు కార్డు పాయింట్లు వాడొచ్చా?

ప్రశ్న: మాది హనుమకొండ, ప్రైవేటు ఉద్యోగం. నా క్రెడిట్ కార్డులో 58,000 రివార్డ్ పాయింట్లు ఉన్నాయి. కార్తీకంలో అమ్మానాన్నలను కాశీ తీసుకెళ్దామనుకుంటున్నాం. ఇద్దరికీ 65 దాటాయి. బ్యాంకు ట్రావెల్ పోర్టల్లో హైదరాబాద్ నుంచి వారణాసికి నలుగురికీ రానుపోను 46,400 రూపాయలు చూపిస్తోంది. అవే ఫ్లైట్లు విమాన సంస్థ సైట్లో 43,600. పోర్టల్లో పాయింటుకు 50 పైసలు ఇస్తారు కానీ, బిల్లులో సగం వరకే పాయింట్లతో కట్టనిస్తారు. గిఫ్ట్ వోచర్లయితే 35 పైసలు, బిల్లులో తగ్గించుకుంటే 20 పైసలు. మా ఆవిడేమో దాచిపెట్టి సింగపూర్ ట్రిప్పుకు వాడదాం అంటోంది. చెల్లి పెళ్లికి కొనాల్సిన 2 లక్షల బంగారం కూడా ఈ కార్డు మీదే తీసుకుంటే ఇంకొన్ని పాయింట్లు వస్తాయి కదా? 150 రూపాయలకు 4 పాయింట్లు ఇస్తున్నారు. రెండు నెలలుగా మినిమం డ్యూ మాత్రమే కడుతున్నాను, 85,000 దాకా బాకీ ఉంది. లక్షన్నర ఎఫ్‌డీ ఉంది, దాన్ని కదపలేదు.

జవాబు: పాయింట్ల గురించి అంత వివరంగా రాసి, 85,000 బాకీ సంగతి చివర్లో ఒక్క ముక్కలో తేల్చేశారు. నేను అక్కడి నుంచే మొదలుపెడతాను.

మీ కార్డు వడ్డీ ఎంతో రాయలేదు. మన దేశంలో చాలా కార్డుల మీద నెలకు 3.5 నుంచి 3.75 శాతం దాకా ఉంటుంది. 3.6 అనుకుందాం. 85,000 మీద నెలకు 3,060 రూపాయలు. ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ మరో 551. మొత్తం 3,611. మినిమం డ్యూ కింద మీరు 5 శాతం, అంటే 4,250 కట్టారనుకోండి, అసలులో తగ్గేది 639 రూపాయలు. మిగతాదంతా వడ్డీకి, పన్నుకు పోతుంది. ఇలాగే ఆరు నెలలు నడిస్తే దగ్గర దగ్గర 21 వేలు వడ్డీకే సమర్పయామి. కాశీ టికెట్ల మీద మీకు మిగిలేది కింద లెక్కేశాను, అది అంత కూడా లేదు.

ఇంకో సంగతి చాలామంది గమనించరు. పాత బాకీ పూర్తిగా తీరేదాకా, కొత్తగా కార్డు గీకిన ప్రతి రూపాయికీ గీకిన రోజు నుంచే వడ్డీ పడుతుంది. నెలన్నర వరకు వడ్డీ ఉండదన్న సౌకర్యం మీకు ఇప్పుడు లేదు. ఇంట్లోకి కిరాణా సరుకులు ఈ కార్డు మీద తెస్తున్నా వాటికీ వడ్డీ కడుతున్నట్టే. కాబట్టి బాకీ తీరేదాకా కార్డు ఇంట్లో పెట్టేయండి.

ఎఫ్‌డీ బ్రేక్ చేయండి. దాని మీద మీకు మహా అయితే ఏడాదికి 7 శాతం వస్తుంటుంది, ఇక్కడ మీరు కడుతున్నది ఏడాదికి 43 శాతం. ముందే తీస్తే బ్యాంకు సాధారణంగా అర శాతమో, ఒక శాతమో వడ్డీ తగ్గించి ఇస్తుంది, ఆ నష్టం ఒక లెక్కలోది కాదు. ఎఫ్‌డీ ముట్టుకోవడానికి మనసు ఒప్పదని తెలుసు. అంతగా అయితే దాని మీదే లోన్ తీసుకోండి, ఎఫ్‌డీ వడ్డీ కంటే ఒకటి రెండు శాతం ఎక్కువకు దొరుకుతుంది. కట్టేముందు యాప్‌లో టోటల్ అవుట్‌స్టాండింగ్ చూసి, ఇంకా బిల్లులో పడని ఖర్చుతో సహా మొత్తం కట్టేయండి. ఆ మరుసటి నెల బిల్లులో కొంత వడ్డీ మళ్లీ కనిపిస్తే కంగారుపడకండి. బిల్లు తయారైన రోజుకీ మీరు కట్టిన రోజుకీ మధ్య లెక్క అది.

మీకు ఎఫ్‌డీ లేకపోయి ఉంటే, యాత్ర వాయిదా వేసుకుని ఆ 20 పైసల చొప్పునే పాయింట్లను బాకీలో తగ్గించుకోమనేవాణ్ణి. ఉంది కాబట్టి పాయింట్లను అంత చవగ్గా వదులుకోనక్కర్లేదు.

ఇక టికెట్లు. పోర్టల్ 50 పైసలు అంటున్నా మీకు నిజంగా అందేది అంత కాదు. 46,400లో సగం, 23,200 రూపాయలు పాయింట్లతో కడితే 46,400 పాయింట్లు పోతాయి, చేతి నుంచి 23,200 పడుతుంది. పోర్టల్ లేకపోతే మీరు పెట్టే ఖర్చు 43,600. అంటే అసలు ఆదా 20,400. పాయింటుకు 44 పైసలు పడింది. కొన్ని బ్యాంకులు పాయింట్లు వాడినందుకు రిడెంప్షన్ ఫీజని వంద రూపాయలూ, దాని మీద జీఎస్టీ వేస్తాయి, అది పెద్ద తేడా కాదు. వోచర్ల కంటే ఇదే మేలు, కాబట్టి కాశీకి వాడేయండి. ఒక్కటి మాత్రం సరిచూసుకోండి: రెండు చోట్లా ధర చివరి పేమెంట్ పేజీలో చూడాలి, రెండూ ఒకే రకం ఫేర్ అయి ఉండాలి. లగేజీ, క్యాన్సిలేషన్ నిబంధనలు వేరైతే 2,800 తేడా అన్న లెక్కే తప్పుతుంది.

అమ్మానాన్నలకు విమాన సంస్థ సైట్లో సీనియర్ సిటిజన్ ఫేర్ దొరుకుతుంది కదా, వాళ్ల టికెట్లు అక్కడ కొందామా అనిపించవచ్చు. పాయింట్ల వల్ల వాళ్లిద్దరి టికెట్ల మీద మీకు కలిసొస్తున్నది 10,200. సీనియర్ రాయితీ అంతకు మించితేనే అటు వెళ్లాలి, 21,800 టికెట్ల మీద అంత రాయితీ రాదు. అయినా పెద్దవాళ్ల ఆరోగ్యం కదా. వాళ్లిద్దరివి ఒక బుకింగ్‌గా, మీ ఇద్దరివి ఇంకో బుకింగ్‌గా పోర్టల్లోనే చేయండి. పాయింట్లూ డబ్బూ కలిపి కొన్న టికెట్లలో ఇద్దరివే రద్దు చేయించడం అంటే కస్టమర్ కేర్‌తో తలనొప్పి. రద్దు చేస్తే విమాన సంస్థ ఛార్జీకి తోడు పోర్టల్ ఫీజు కూడా పడవచ్చు, బుక్ చేసే ముందే చదవండి. వీల్‌చెయిర్ కావాలంటే పీఎన్ఆర్ వచ్చాక నేరుగా విమాన సంస్థకే చెప్పండి. కార్తీక పౌర్ణమికి కాశీలో దేవ దీపావళి, ఆ వారం ఛార్జీలు మండిపోతాయి. వేరే తేదీలు కుదిరితే పాయింట్ల కంటే అక్కడే ఎక్కువ మిగలొచ్చు.

బంగారం విషయం చారానా కోడికి బారానా మసాలా. 2 లక్షలకు వచ్చేది 5,333 పాయింట్లు, 50 పైసల చొప్పున 2,666 రూపాయలు. కార్డుకు షాపువాళ్లు 2 శాతం అదనం అడిగితే 4,000 అక్కడే పోయింది. బిల్లు ఒక్క నెల కట్టలేకపోతే వడ్డీ, జీఎస్టీ కలిపి 8,496. అసలు కొన్ని కార్డులు బంగారానికి పాయింట్లే ఇవ్వవు. డబ్బు ఖాతాలో సిద్ధంగా ఉండి, షాపులో అదనం అడగకపోతే, అదీ పాత బాకీ తీరాకే, గీకండి. లేదంటే నేరుగా ఖాతా నుంచే కట్టేయండి.

మీ ఆవిడ అడిగిన సింగపూర్ గురించి. పాయింట్లు దాచుకుంటే వడ్డీ రాదు సరికదా, గడువు తీరితే ఉన్నవీ పోతాయి. ఈలోగా బ్యాంకు విలువ తగ్గించినా అడిగేవాళ్లు లేరు. పాయింట్లను మైల్స్‌గా, అంటే విమాన సంస్థ సొంత పాయింట్లుగా మార్చి టికెట్ కొనే పద్ధతి ఉంది, బిజినెస్ క్లాస్‌కు ఒక్కోసారి బాగా గిట్టుబాటవుతుంది కూడా. కానీ మీకున్న పాయింట్లకు కుటుంబమంతటికీ రానుపోను టికెట్లు రావు. పన్నులు ఎటూ డబ్బుతోనే కట్టాలి. ఒకసారి మార్చిన మైల్స్ వెనక్కి రావు, కాబట్టి ఎప్పుడైనా ఆ దారి పట్టినా, మీ తేదీల్లో అవార్డ్ సీటు, అంటే మైల్స్‌తో ఇచ్చే సీటు, ఖాళీ ఉందని కళ్లారా చూసుకున్నాకే మార్చండి.

కాశీ టికెట్లు పోగా 11,600 పాయింట్లు మిగులుతాయి. పోర్టల్ లెక్కలో 5,800 రూపాయలు. ఆంధ్రా ఆశ్రమంలో దిగేటట్లయితే అక్కడ ఇవి పనికిరావు. ప్రయాగలోనో అయోధ్యలోనో ఒక రాత్రి హోటల్ తీసుకుంటే వాడుకోండి. లేదంటే ఎప్పటికి ఎక్స్‌పైర్ అవుతాయో స్టేట్‌మెంట్‌లో చూసి, ఆలోపు ఇంట్లోకి ఎలాగూ కొనే సరుకులకు వోచర్ తీసుకోండి.