నచ్చిన బృందాన్ని ఎదురుగా వింటే పాత రోజులు ఎందుకు తిరిగొస్తాయి?

అభిమాన రాక్ బృందాన్ని మొదటిసారి ప్రత్యక్షంగా చూసినప్పుడు, ఎప్పటివో కాలేజీ రోజులు గుర్తొచ్చి కళ్లు ఎందుకు చెమ్మగిల్లుతాయని అడిగారు.

2011 అక్టోబరు 30న బెంగళూరు ప్యాలెస్ గ్రౌండ్స్‌లో అమెరికా రాక్ బృందం మెటాలికాను విన్నప్పుడు నాకూ అదే జరిగింది. గిటారు మోగగానే హాస్టల్ గది, అరువు తెచ్చుకున్న క్యాసెట్టు, బయటికొచ్చిన టేపును పెన్సిలుతో చుట్టుకున్న సాయంత్రం, పక్క మంచం మీది మిత్రుడు, అన్నీ ఒక్కసారిగా వచ్చి నిలబడ్డాయి. వేదిక మీద ఏం జరుగుతోందో కాసేపు చూడనేలేదు.

మనిషి జీవితంలో సుమారు పదేళ్ల నుంచి ముప్పై ఏళ్ల మధ్య జరిగినవే ఎక్కువగా గుర్తుంటాయని మనస్తత్వ శాస్త్రవేత్తలు చాలాకాలంగా గమనించారు. తొలి స్నేహాలు, తొలిసారి ఇల్లు విడవడం, తొలి ఓటమి ఆ వయసులోనే ఎదురవుతాయి. అప్పుడు పదేపదే విన్న పాట ఆ అనుభవాలతో ముడిపడిపోతుంది. మెదడులో జ్ఞాపకాలను కూర్చే హిప్పోక్యాంపస్, భావోద్వేగాలకు కీలకమైన అమిగ్డలా పక్కపక్కనే ఉండి కలిసి పనిచేస్తాయి. అందుకే సంఘటనతోపాటు అప్పటి మనసు కూడా తిరిగొస్తుంది.

ఇక ఇయర్‌ఫోన్‌లో లేనిది మైదానంలో ఉంది. పెద్ద స్పీకర్ల మంద్ర ధ్వని చెవికే కాదు, ఛాతీకీ తగులుతుంది. మీరు ఒంటరిగా దాచుకున్న పాటను వేలమంది అక్షరం పొల్లుపోకుండా మీతో కలిసి పాడతారు. నా కన్నీళ్లకు అసలు కారణం అదేనని నా నమ్మకం.