అక్క కాపురం కోసం నోరు మూసుకోమంటున్న అమ్మ

ప్రశ్న: నాకు 24 ఏళ్లు. అమెరికాలోని టెక్సాస్‌లో ఎంఎస్ చదువుతున్నాను. ఐదు నెలల క్రితం అక్క రెండో కాన్పు సమయానికి అమ్మకు విజిటర్ వీసా రాలేదు. నాలుగేళ్ల పాపను చూసుకోవడానికి నేను అక్క ఇంటికి వెళ్లాను. అక్క ఆసుపత్రిలో ఉన్న రాత్రి బావగారు నాపై అత్యాచారం చేశారు. అమ్మకు చెబితే, ‘అక్క పచ్చి బాలింత, దాని కాపురం కూల్చకు, ఇండియా వచ్చాక పెద్దమనుషుల్లో పెట్టి తేల్చుకుందాం’ అంటోంది. అక్కడి పోలీసులకు చెబితే నా వీసా కూడా పోతుందంటోంది. అక్క కాపురం చెడకుండా నాకు న్యాయం జరిగే దారి ఏదైనా ఉందా?

జవాబు: అటువంటి దారి లేదు. దాన్ని వెతుకుతూ ఇంకొక్క రోజు కూడా పోగొట్టుకోకండి. భార్య పురిటి నొప్పులు పడుతున్న రాత్రి ఆమె చెల్లెలి గదిలోకి వచ్చిన మనిషి తన కాపురాన్ని తానే చెడగొట్టుకున్నాడు. ఆ పాపాన్ని ఐదు నెలలుగా మీరు మోస్తున్నారు, మోయిస్తున్నది మీ అమ్మగారు.

మీ పూర్తి ఉత్తరాన్ని రెండుసార్లు చదివాను. ఆ రాత్రి గురించి అందులో ఆరు వాక్యాలే ఉన్నాయి. మిగిలిన మూడు పేజీల నిండా అమ్మే ఉంది: రోజూ రాత్రి తొమ్మిదింటికి ఆవిడ చేసే ఫోను, ‘తిన్నావా’ అనైనా అడగకముందే ‘అక్కతో ఏమీ అనలేదు కదా’ అన్న మాట, దేవుడి పటం ముందు ఫోను పెట్టి మీ చేత వేయించుకున్న ఒట్టు. ‘బావే కదమ్మా, ఏదో సరసానికి పోయి హద్దు దాటి ఉంటాడు’ అని కూడా ఒకసారి అన్నారని రాశారు. బావామరదళ్ల సరసం మన ఇళ్లలో పెళ్లి పందిట్లో నుంచే ఉన్నదే, కానీ వద్దని ఏడుస్తున్న పిల్ల మీద బలం చూపడాన్ని ఆ పేరుతో పిలిచే తల్లిని, ఆవిడ ఎంత భయంలో ఉన్నా సరే, నేను సమర్థించలేను.

ఆవిడ భయం ఉత్తదని అనను. మీ అక్కకు భార్యగా వచ్చిన హెచ్-4 వీసా ఆయన ఉద్యోగ వీసా హెచ్-1బి మీద ఆధారపడి ఉంది. శిక్ష పడితే ఆయన ఉద్యోగం, వీసా రెండూ పోవచ్చు, ఇద్దరు పిల్లలతో పెద్దకూతురు పుట్టింటి గుమ్మం ఎక్కవచ్చు. అయితే పెద్దకూతురి సంసారం నిలబెట్టడానికి చిన్నకూతురి నోరు కుట్టే హక్కు ఏ తల్లికీ లేదు. అంతకు మించి, తన భర్త ఎటువంటివాడో తెలుసుకుని ఏం చేయాలో నిర్ణయించుకోవలసింది మీ అక్క. చదువుకున్న ముప్పై ఏళ్ల ఆడమనిషికి ఆ అవకాశం ఇవ్వకుండా ఆమె జీవితాన్ని అమ్మ ఇక్కడి నుంచి నడిపిస్తున్నారు. అదే ఇంట్లో నాలుగేళ్ల ఆడపిల్ల పెరుగుతోందన్న సంగతి కూడా ఆవిడ లెక్కలో ఉన్నట్టు లేదు.

ఇక వీసా మాట. నేరానికి గురైన విద్యార్థి పోలీసులకు ఫిర్యాదు చేసినందుకు ఎఫ్-1 అనే విద్యార్థి వీసా రద్దు కాదు. మీరు జాగ్రత్త పడవలసింది చదువు విషయంలో: మనసు కుదుటపడక కోర్సులు వదులుకోవాలనిపిస్తే, వదలకముందే డాక్టరు కాగితంతో విశ్వవిద్యాలయంలోని అంతర్జాతీయ విద్యార్థుల కార్యాలయం అనుమతి తీసుకోండి, ఆరోగ్య కారణాలపై తక్కువ కోర్సులతో కొనసాగే వీలు నిబంధనల్లోనే ఉంది. దర్యాప్తుకు సహకరించే బాధితుల కోసం 2000 సంవత్సరపు చట్టంతో వచ్చిన యు వీసా కూడా ఉంది. కానీ అవి ఏడాదికి 10,000 మాత్రమే, నిరీక్షణ ఏళ్ల తరబడి సాగుతుంది, అందుకని దాన్ని లెక్కలోకి తీసుకోకుండానే అడుగు వేయండి.

ఆసుపత్రిలో ఆధారాలు సేకరించే పరీక్షకు సాధారణంగా ఐదు రోజులే గడువు, అది దాటిపోయింది. అంతమాత్రాన కేసు పోలేదు. టెక్సాస్‌లో ఇటువంటి నేరానికి సాధారణంగా పదేళ్ల వరకు అభియోగం మోపవచ్చు. మీరు లాయరును పెట్టుకోనక్కరలేదు, కేసు నడిపేది ప్రభుత్వం తరఫున డిస్ట్రిక్ట్ అటార్నీ. పోలీసు రికార్డుల్లో మీ పేరుకు బదులు మారుపేరు వాడమని కోరే హక్కును అక్కడి చట్టం ఇచ్చింది. ఇంగ్లీషులో చెప్పుకోలేకపోతే తెలుగు దుబాసీని అడగండి, బంధువులనో తెలుగు సంఘం పెద్దలనో మాత్రం ఆ కుర్చీలో కూర్చోనివ్వకండి.

‘తప్పు జరిగిపోయింది, అక్కకు చెప్పకు’ అని మర్నాడు ఆయన వాట్సాప్‌లో పెట్టిన మెసేజ్ మీ దగ్గర ఉందన్నారు. దాన్ని తుడిచేయకండి, తేదీ, నంబరు కనిపించేలా ఫొటో తీసి ఇంకోచోట కూడా దాచండి. సూట్‌కేసు అడుగున ప్లాస్టిక్ కవరులో ఉన్న నైటీని ఉతకవద్దు. ప్లాస్టిక్‌లో చెమ్మ చేరి ఆధారం పాడవుతుంది, కాగితపు సంచిలోకి మార్చి, ఇక ముట్టుకోకుండా పోలీసులకు అప్పగించండి.

ఇండియాలో పెద్దమనుషుల పంచాయితీకి ఈ నేరంలో చోటు లేదు, రాజీ చేసే అధికారం వాళ్లకు ఎవరూ ఇవ్వలేదు. భారత పౌరుడు విదేశంలో చేసిన నేరంపై ఇక్కడా కేసు పెట్టవచ్చు. బోట్స్‌వానాలో భర్త హింసపై ఒక తెలుగు ఇల్లాలు చేసిన ఫిర్యాదులో 2011లో సుప్రీంకోర్టు చెప్పినట్టు, విదేశంలో జరిగిన నేరంపై విచారణ సాగాలంటే కేంద్ర ప్రభుత్వ అనుమతి తప్పనిసరి. ఇప్పటి భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (బీఎన్ఎస్ఎస్) 208వ సెక్షన్‌లోనూ ఆ షరతు ఉంది. సాక్ష్యమంతా టెక్సాస్‌లో ఉండగా ఇంత దూరం రావడం ఎందుకు? ఫిర్యాదు అక్కడే చేయండి.

ముందుగా 800-656-4673 నంబరుకు ఫోను చేయండి, లైంగిక హింస బాధితుల కోసం రెయిన్ సంస్థ నడిపే ఆ లైను రాత్రీపగలూ పనిచేస్తుంది. పోలీసు స్టేషనుకు తోడు వచ్చే సహాయకులు మీ దగ్గరలో ఎక్కడ ఉన్నారో వాళ్లను అడగండి.

ఈ రాత్రి తొమ్మిదింటికి అమ్మ ఫోను వస్తుంది. ఆ ఒట్టు మీకు కట్టదని, అక్కకు మీరే చెప్పబోతున్నారని, ఎప్పుడు చెప్పాలన్నది ఫిర్యాదు తీసుకునే అధికారితో మాట్లాడి నిర్ణయించుకుంటారని చెప్పండి. ఆవిడ ఏడుస్తారు. ఏడవనివ్వండి, ఫోను పెట్టేయకండి, కానీ మాట మార్చకండి.