పెద్ద బండి ఎక్కుతున్న మా అల్లుడికి

అల్లుడా,

హెవీ లైసెన్సు చేతికొచ్చిందని, పన్నెండు టైర్ల బండి ఎక్కుతున్నావని అక్క ఫోన్‌లో చెప్పింది. చాలా సంతోషమైంది. స్టీరింగ్ సంగతి నీకు కొత్తగా నేర్పాల్సింది లేదు. నేను రాసేది దారి గురించి. మన లైన్‌లో డ్రైవర్లను ఎక్కువగా ఏడిపించేది అదే.

ఆఫీసులో గుమాస్తా ఇచ్చే అడ్రసు బిల్టీ (సరుకు రవాణా రసీదు) కోసం రాసింది, బండి కోసం కాదు. ‘ములుగు రోడ్, వరంగల్’ అని ఉంటుంది. అది ఊరి నడిమధ్య షాపు కావచ్చు, ఊరు దాటాక ఉండే గోదాం కావచ్చు. లోడు ఎక్కుతుండగానే సరుకు దింపుకునే పార్టీ నంబరు తీసుకుని, గోదాం వాచ్‌మన్‌తోనో హమాలీ మేస్త్రితోనో మాట్లాడు. పోయినసారి ఇంత బండి ఏ రోడ్డున వచ్చింది, గేటులోకి ముందుకు పోయిందా రివర్స్‌లో పోయిందా, ఎటు తిప్పుకుని బయటపడింది అని అడుగు. ఓనరు లొకేషన్ పంపినా సరే, అడగడం మానకు. చాలాసార్లు అది ఆయన ఇంటి లొకేషన్ అయి ఉంటుంది.

ఫోన్‌లో మ్యాప్ కారుకు, బైకుకు దారి చూపిస్తుంది. నీ బండి ఎత్తు, బరువు దానికి తెలియవు. మన వైపు చాలాచోట్ల రైల్వే గేట్లు తీసేసి పట్టాల కింద నుంచి దారి వేశారు. దాని ముందు ఇనుప కమాను ఉంటుంది, ఎత్తు మీటర్లలో రాసి ఉంటుంది. కరెంటు లైను ఉన్న మామూలు గేటు దగ్గర అది 4.67 మీటర్లు. కింది దారుల్లో అంతకంటే తక్కువ, ఒక్కోచోట ఒక్కోలా. రోడ్డు మీద కొత్తగా తారు పోస్తే ఇంకా తగ్గుతుంది. అందుకే పత్తి గానీ మిర్చి గానీ లోడయ్యాక, పట్టా కప్పి తాళ్ళు బిగించాక, నేల మీద నుంచి పై బస్తా దాకా టేపుతో కొలువు. ఆ అంకె క్యాబిన్‌లో కళ్ళ ముందు చాక్‌పీసుతో రాసుకో. వానాకాలం ఆ కింది దారిలో నీళ్ళు కనిపిస్తే బండి దించకు.

హైదరాబాద్ నుంచి ములుగు, ఏటూరునాగారం వైపు లోడైతే కాజీపేట, హనుమకొండ ఊళ్ళోకి రావద్దు, కరుణాపురం దగ్గరే బైపాస్ ఎక్కు. దగ్గర దారని ఖిలా వరంగల్ మీదుగా చూపిస్తే అస్సలు పోకు. ఆ రాతి ద్వారాల్లో దారి వంకర తిరిగేలా కట్టింది శత్రువును ఆపడానికే. కవ్వాల్ అడవి మీదుగా పోవాల్సి వస్తే, భారీ బండ్లను ఏ టైంలో వదులుతున్నారో ఆ రోజే కనుక్కో. మేడారం జాతర రోజుల్లో పస్రా, తాడ్వాయి వైపు రూట్లన్నీ మారిపోతాయి. వాగుల విషయంలో ధైర్యం చెయ్యకు. 2023 జులైలో మోరంచ వాగు పొంగి మోరంచపల్లి ఊరినే ముంచింది.

దారి అడగడం కూడా ఒక పని బిడ్డా. ‘ఈ తొవ్వ పోతదా’ అంటే మనోళ్ళు ‘పోతది, పోతది’ అంటారు. వాళ్ళ మనసులో ఉన్నది ట్రాక్టరు. ‘ఇవాళ లారీ ఏమన్నా పోయిందా’ అని అడుగు. రైస్ మిల్లు గేటు దగ్గర, పెట్రోల్ బంకులో అడిగితే సరైన జవాబు దొరుకుతుంది. అనుమానం ఉంటే వెడల్పు రోడ్డు మీదే బండి ఆపి, క్లీనర్‌ను తీసుకుని చివరిదాకా నడిచిరా. కరెంటు తీగలు, బాల్కనీలు, మోరీ మీద బండలు చూడు. వెనక హారన్లు కొట్టేవాళ్ళను పట్టించుకోకు. గల్లీలో ఇరుక్కుంటే వాళ్ళెవరూ నీకోసం ఆగరు.

నో ఎంట్రీ టైం అయ్యేదాకా బయట ఆగాల్సి వస్తే హాల్టింగ్ (బండి ఆగినందుకు ఇచ్చే డబ్బు) ఎన్ని గంటల నుంచి లెక్క, చుట్టు తిరిగితే డీజిల్ ఎవరిది అన్నది బండి కదలకముందే ఆఫీసులో తేల్చుకో. సరుకు వెంట ఉండాల్సిన జీఎస్టీ కాగితం, ఈ-వే బిల్లు, దాని గడువు మామూలు లోడుకు 200 కిలోమీటర్లకు ఒక రోజు చొప్పున ఉంటుంది. ఆలస్యమైతే గడువుకు ముందు 8 గంటల నుంచి, తర్వాత 8 గంటల లోపు పొడిగించుకోవచ్చు. ఆఫీసుకు ఫోన్ చేసి గుర్తు చెయ్యి. నేషనల్ హైవే మీద ఏ ఇబ్బందైనా 1033కి చెయ్యి.

మొదటి లోడు రామగుండం వైపని అక్క అంది. బయల్దేరే ముందు రోజు సాయంత్రం నాకు ఫోన్ చెయ్యి, ఆ రూట్లో రోజూ తిరిగే ఇద్దరు డ్రైవర్ల నంబర్లు ఇస్తాను.

నీ మామ