మొటిమల మందు, మాఘమాసపు పెళ్లి: పెద్దమ్మ లేఖ

చిరంజీవి పద్మకు పెద్దమ్మ ఆశీస్సులు.

గడ్డల్లా లేచి, మానిన చోటల్లా గుంటలు పెడుతున్న నీ మొటిమలకు చర్మవైద్యురాలు ఐసోట్రెటినోయిన్ రాశారనీ, మాఘంలో పెళ్లి పెట్టుకుని ఇంత బలమైన మందు వాడవచ్చా అని అమ్మ భయపడుతోందనీ నిన్న ఫోనులో చెప్పావు. ఆవిడ రాసిన చీటీని దిద్దే అర్హత నాకు లేదు. ముప్పై ఏళ్లు ఆసుపత్రి మందుల గదిలో పనిచేసినదాన్ని కనుక, ఆ చీటీ పట్టుకుని నువ్వు ఎలా మసలుకోవాలో మాత్రం చెప్పగలను.

ఈ మందు విటమిన్ ఏ కుటుంబానికి చెందినది. అమెరికాలో 1982లో అనుమతి పొందింది. పోయిన ఏడాది నువ్వు మింగిన డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ సూక్ష్మజీవులనూ వాపునూ తగ్గించింది కానీ చర్మం కింది నూనె గ్రంథుల జోలికి పోలేదు, అందుకే ఆపిన కొన్నాళ్లకే మొటిమలు మళ్లీ మొదలయ్యాయి. ఐసోట్రెటినోయిన్ ఆ గ్రంథులనే కుదించి, మూసుకుపోయే రంధ్రాలను తెరిపిస్తుంది. కోర్సు పూర్తిచేసిన వారిలో చాలామందికి మళ్లీ అంత ఉధృతంగా రావు. కొందరికి రెండో కోర్సు తప్పదు. ఇప్పటికే పడిన గుంటలను ఇది పూడ్చలేదు, కొత్తవి పడకుండా మాత్రమే ఆపగలదు. ఆ లెక్కన, భయపడి వాయిదా వేయడం కూడా నష్టమే.

ఇక అసలు విషయం. పెళ్లికాని పిల్లకు ఈ మాటలెందుకని అమ్మ విసుక్కున్నా నేను రాయక మానను. ఈ మందు వాడుతున్నప్పుడు గర్భం వస్తే, కొద్ది రోజులు వాడినా సరే, బిడ్డ గుండె, మెదడు, ముఖం, చెవులు సరిగ్గా ఏర్పడకపోయే ప్రమాదం చాలా ఎక్కువ. అందుకే మొదలుపెట్టేముందు గర్భపరీక్ష చేస్తారు. గర్భం వచ్చే అవకాశం ఉన్నవారు ఒక నెల ముందునుంచీ, వాడినంతకాలమూ, ఆపిన తరువాత మరో నెలా గర్భనిరోధకం పాటించాలి. అమెరికాలో 2006 నుంచి దీనికోసం ఐప్లెడ్జ్ అనే నమోదు పద్ధతి పెట్టారు. మన దగ్గర అంత కట్టుదిట్టం లేదు కాబట్టి ఆ కాపలా నీకు నువ్వే కాయాలి.

లెక్క వేసి చూడు. సాధారణంగా కోర్సు మొత్తానికి ఒంటి బరువులో ప్రతి కిలోకూ 120 నుంచి 150 మిల్లీగ్రాములు చేరేలా డాక్టర్లు చూసుకుంటారు. నీ బరువు 50 కిలోలు. 120 చొప్పున 6000 మిల్లీగ్రాములు. మొదటి నెల రోజుకు 20, ఆ తరువాత 40 చొప్పున అయితే దాదాపు అయిదున్నర నెలలు, ఆపై ఆగవలసిన నెల కలిపితే ఆరున్నర. ఈ జ్యేష్ఠంలోనే మొదలుపెడితే మాఘానికి ముందే గడువు తీరుతుంది. మంచి ముహూర్తం దొరికిందని పెద్దవాళ్లు పెళ్లిని కార్తీకానికి జరిపితే మాత్రం లెక్క తప్పుతుంది. పెళ్లి తేదీ డాక్టరుగారికి చెప్పావా? చెప్పకపోతే మొదటి క్యాప్సూల్ మింగేలోపు చెప్పు.

పెదవులు ఎండి పగలడం దాదాపు అందరికీ ఉంటుంది, వాజలిన్ దగ్గర పెట్టుకో. కళ్లు పొడిబారితే కాంటాక్ట్ లెన్సులు ఇబ్బంది పెడతాయి. మొదటి వారాల్లో మొటిమలు ఎక్కువ కావచ్చు, దానికి బెంబేలుపడి మానేయకు. కాలేయానికీ, ట్రైగ్లిజరైడ్లు అనే రక్తంలోని కొవ్వుకూ చెప్పిన సమయానికి రక్తపరీక్ష చేయించు. క్యాప్సూల్ కొవ్వుతో బాగా ఒంటబడుతుంది కనుక నెయ్యి వేసుకున్న పప్పన్నం తరువాత వేసుకో. డాక్సీసైక్లిన్ మిగిలి ఉంటే పారేయి. రెండూ కలిస్తే తలలో ఒత్తిడి పెరిగే ప్రమాదం ఉంది. విటమిన్ ఏ మాత్రలూ వద్దు. వాడినంతకాలం, ఆపిన తరువాత మరో నెల వరకు రక్తదానం చేయకూడదు. తీవ్రమైన తలనొప్పితో చూపు మసకబారినా, కారణం లేకుండా దిగులు ముంచుకొచ్చినా, ఆ రోజే డాక్టరుకు ఫోన్ చెయ్యి. దిగులుకు ఈ మందే కారణమా అన్నది వైద్యుల్లో ఇంకా తేలలేదు, ముఖం నిండా గడ్డలుండటమే మనిషిని కుంగదీస్తుంది కూడా, అయినా దాచిపెట్టుకోకు.

పార్లరు విషయంలో నీకు కోపం వచ్చినా సరే, వ్యాక్సింగ్ వద్దు. ఈ మందు వాడుతున్నప్పుడూ, ఆపిన ఆరు నెలల వరకూ చర్మం ఊడి వచ్చి మచ్చ పడే ప్రమాదం ఉంది, అంటే పెళ్లికి కూడా కుదరదు. నలుగు పెట్టే ముత్తైదువులను ముఖం గట్టిగా రుద్దవద్దని ముందే అడుగు.

పెళ్లి దగ్గరపడేకొద్దీ ఎవరో ఒకరు వారంలో ముఖం తేటపడుతుందని ఒక ట్యూబు తెచ్చి చేతిలో పెడతారు. దాని మీద బీటామెథసోన్ అనో క్లోబెటసాల్ అనో ఉంటే అది స్టెరాయిడ్. నాలుగు రోజులు తెల్లగా, నున్నగా కనిపించి, ఆపగానే ముఖం ఎర్రబడి మంటెత్తి, చర్మం పలుచబడిన ఆడపిల్లలను మందులిచ్చే నా కిటికీ దగ్గర ఎందరినో చూశాను. 2018లో ఇలాంటి 14 స్టెరాయిడ్ క్రీములను ప్రభుత్వం చీటీ లేకుండా అమ్మకూడదని షెడ్యూల్ హెచ్‌లో చేర్చింది, అయినా అడిగితే ఇచ్చే షాపులు ఉన్నాయి.

రక్తపరీక్ష కాగితాలు వచ్చాక ఫోటో తీసి నాకూ పంపు.

ఆశీస్సులతో,
మీ పెద్దమ్మ