ఆ నల్ల కూజాలో నీళ్లు పోయకండి

ప్రశ్న: మా అమ్మాయి దగ్గరికి అమెరికా వెళ్లినప్పుడు, మ్యూజియంలో మెక్సికో మట్టిపాత్రలు, మాయా అనే అక్కడి ప్రాచీన జాతి వాళ్ల వస్తువులు పెట్టారంటే వెళ్లాం. "కుండలు చూడ్డానికి టిక్కెట్టా" అంటూ మా వారు రెండు గదులు దాటగానే బల్ల మీద కూలబడ్డారు. స్పెయిన్ వాళ్లు వచ్చేదాకా అక్కడ కుమ్మరి సారె లేదట, మరి అంత గుండ్రంగా ఎలా చేశారండీ? అక్కడి షాపులో నల్లగా మెరిసే కూజా కొన్నాను. ఈ ఎండలకి అందులో మంచినీళ్లు పోసుకోవచ్చా?
– ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: ముందు కూజా సంగతి. పోయకండి. అది మెక్సికోలోని వహాకా రాష్ట్రంలో సాన్ బార్తోలో కొయొతెపెక్ అనే ఊళ్లో చేసే రకం అయ్యుంటుంది. పూర్వం అక్కడి కుండలు బూడిదరంగులో గట్టిగా ఉండేవి, మెస్కాల్ అనే సారా వాటిలోనే మోసేవాళ్లు. 1950లలో డోన్యా రోసా అనే ఆవిడ, ఆరీ ఆరని కుండని రాయితో నున్నగా రుద్ది కాస్త తక్కువ వేడి మీద కాలిస్తే నల్లగా నిగనిగలాడుతుందని కనిపెట్టారు. మెరుపైతే వచ్చింది గానీ నీళ్లు నిలవడం పోయింది. మన కుండ చెమర్చి నీళ్లు చల్లబరుస్తుంది, ఇది మీ టీవీ స్టాండంతా తడిపేస్తుంది. షోకేసులో పెట్టేయండి.

సారె లేదన్నది నిజమే. అలాగని చక్రమే తెలియదనుకోకండి, చక్రాలున్న పాతకాలం మట్టిబొమ్మలు మెక్సికోలో దొరికాయి. కొయొతెపెక్‌లో ఒక మూకుడు బోర్లించి, దాని మీద ఇంకోటి వెల్లకిలా పెట్టి, పైదాంట్లో మట్టిముద్ద వేసి చేత్తో తిప్పుకుంటూ కుండ లేపుతారు. మిగతాచోట్ల మట్టిని తాడులా పేని చుట్టలు చుట్టడమో, అచ్చులు వాడడమో చేసేవాళ్లు.

ఇక మీ వారికి ఈ ముక్క చెప్పండి. మనం స్టీలు గిన్నెల మీద పేర్లు కొట్టిస్తామే, మాయా దొరలూ అంతే! పాత్ర అంచు చుట్టూ "ఇది ఫలానా వారి కకావ్ తాగే పాత్ర" అని వాళ్ల బొమ్మల లిపిలో రాయించుకునేవాళ్లు. కకావ్ అంటే కోకో. 1984లో గ్వాటెమాలాలోని రియో అసుల్‌లో ఒక సమాధిలో మూత తిప్పి బిగించే మట్టిపాత్ర దొరికింది, దాని మీద ఆ మాట ఉంది, అడుగున అంటుకున్నది పరీక్షిస్తే కోకోయేనని తేలింది. ఇంకో పాత్ర మీద బొమ్మలో ఒకావిడ, మనం కాఫీ తిరగబోసినట్టే, నురగ కోసం పైనుంచి కింది పాత్రలోకి పోస్తూ కనిపిస్తుంది. మెక్సికోలో అందులో మిరపకాయ కూడా వేసేవాళ్లు (మీ గుంటూరు మిరపకి పుట్టిల్లు ఆ దేశమే మరి!). మీ వారు కూలబడ్డ బల్ల ఎదురుగా అద్దాల పెట్టెలో ఉన్నది అలాంటి పాత్రే అయినా ఆశ్చర్యం లేదు.