వాడుకునే క్షణంలోనే పుట్టవలసిన శక్తి: విద్యుత్తుపై పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: రెండు నెలలు ఇంటికి తాళం వేసి ఊరు వెళ్ళాము. ఒక్క యూనిట్ కూడా వాడలేదు. అయినా బిల్లులో స్థిర ఛార్జీ వేశారు. వాడని కరెంటుకు డబ్బు కట్టమనడం న్యాయమేనా?
– ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు

జవాబు: మీరు అడిగింది బిల్లు గురించే అయినా, దాని జవాబు విద్యుత్ రంగమంతటికీ పునాదిగా ఉన్న ఒక భౌతిక సత్యంలో ఉంది. ధాన్యాన్ని గోదాములోనూ ఇంధనాన్ని ట్యాంకులోనూ దాచినట్టు విద్యుత్తును తీగల్లో దాచి ఉంచడం సాధ్యం కాదు. మీరు స్విచ్ వేసిన క్షణంలో ఆ దీపానికి కావలసిన శక్తిని, అదే క్షణంలో, ఎక్కడో ఒక యంత్రం ఉత్పత్తి చేస్తూ ఉండాలి. లక్షలాది ఇళ్ళు, కర్మాగారాలు, రైళ్ళు కలిసి ఎంత తీసుకుంటున్నాయో అంతే ఉత్పత్తి జరుగుతున్నదా లేదా అని లోడ్ డిస్పాచ్ కేంద్రాలలో ఇంజనీర్లు రాత్రింబవళ్ళు చూస్తూ ఉంటారు. వారికి దారి చూపేది ఫ్రీక్వెన్సీ, అంటే కరెంటు సెకనుకు ఎన్ని ఆవృత్తులు పూర్తి చేస్తున్నదో తెలిపే సంఖ్య. చాలా దేశాలలో అది సెకనుకు 50 ఆవృత్తులు, కొన్నింటిలో 60. వాడకం ఉత్పత్తిని మించితే తిరిగే టర్బైన్ల మీద భారం పెరిగి వాటి వేగం తగ్గుతుంది, ఫ్రీక్వెన్సీ పడిపోతుంది. వాడకం తగ్గితే అది పైకి పోతుంది.

అందువల్ల విద్యుత్ వ్యవస్థను సగటు వాడకాన్ని బట్టి కట్టరు. ఏడాదిలో అందరూ కలిసి అత్యధికంగా వాడే కొద్ది గంటలను తట్టుకునేలా కడతారు. ఆ గంటల కోసమే ఉండి మిగతా కాలమంతా దాదాపు ఖాళీగా ఉండే కేంద్రాలు కూడా ఉంటాయి. బొగ్గు, అణు కేంద్రాలు ఆగిన స్థితి నుంచి పూర్తి ఉత్పత్తికి రావడానికి గంటలు పడుతుంది కనుక, త్వరగా అందుకోగల జల, గ్యాస్ కేంద్రాలలో కొంత సామర్థ్యాన్ని ఎప్పుడూ సిద్ధంగా ఉంచాలి. మీ వీధి ట్రాన్స్‌ఫార్మర్, సబ్‌స్టేషన్, వాటిని కనిపెట్టుకుని ఉండే సిబ్బంది – మీరు ఊళ్ళో లేనంత మాత్రాన వీటిలో దేని ఖర్చూ తగ్గదు. మీరు తిరిగి వచ్చి తలుపు తెరిచిన రాత్రి దీపం వెలగాలంటే ఆ సన్నద్ధత అన్నాళ్ళూ కొనసాగి ఉండాలి. స్థిర ఛార్జీ ఆ సన్నద్ధతకు కట్టే వెల.

కనుక ఆ ఛార్జీ ఉండడం న్యాయమే. అది ఎంత ఉండాలన్నది మాత్రం వేరే ప్రశ్న. బిల్లులో స్థిర భాగం మరీ పెరిగితే పొదుపుగా వాడేవారికి దక్కే ఫలితం తగ్గిపోతుంది, తక్కువ వాడే పేద కుటుంబాల మీద భారం పడుతుంది. నియంత్రణ సంస్థలు ఈ లెక్కలను ప్రజల ముందు పెట్టి, అభ్యంతరాలు విని నిర్ణయించాలని గట్టిగా అడిగే హక్కు మీకు ఉంది. దయచేసి దానిని వినియోగించుకోండి.

ప్రశ్న: కిలోవాట్, యూనిట్ ఒకటేనా? వార్తల్లో రెండింటినీ కలిపేస్తున్నారు.
– ఒక ఇంటర్మీడియట్ విద్యార్థిని

జవాబు: ఒకటి కాదు. కిలోవాట్ అనేది ఒక క్షణంలో ఎంత వేగంగా శక్తి ఖర్చవుతున్నదో చెబుతుంది. యూనిట్, అంటే కిలోవాట్ గంట, మొత్తం ఎంత శక్తి ఖర్చయిందో చెబుతుంది. వెయ్యి వాట్ల హీటరు గంటసేపు వాడితే ఒక యూనిట్. ఆ ఒక్క యూనిట్‌తో, నష్టాలు లేవనుకుంటే, టన్ను బరువును సుమారు 367 మీటర్ల ఎత్తుకు ఎత్తవచ్చు. శక్తి ఎంత విలువైనదో గ్రహించడానికి ఈ లెక్కను మీరే ఒకసారి చేసి చూడండి. ఇదే తేడా తెలియక వెయ్యి మెగావాట్ల సౌర కేంద్రమూ, వెయ్యి మెగావాట్ల అణు కేంద్రమూ సమానమని చాలామంది పొరపడుతుంటారు. స్థాపిత సామర్థ్యం ఒకటే అయినా, రాత్రింబవళ్ళు నడిచే అణు కేంద్రం ఏడాదిలో ఇచ్చే యూనిట్లు సౌర కేంద్రం ఇచ్చేవాటికి కొన్ని రెట్లు ఉంటాయి.

ప్రశ్న: పూర్వులు కరెంటు లేకుండానే బతికారు కదా. దాని ప్రాధాన్యాన్ని మనం ఎక్కువ చేసి చెప్పుకుంటున్నామేమో?

జవాబు: పూర్వుల జీవితం విద్యుత్తు మీద ఆధారపడి లేదు కనుక అది లేకపోవడం వారికి లోటు కాలేదు. మన జీవితం అలా లేదు. 2003 ఆగస్టు 14న అమెరికా, కెనడాలలో సుమారు 5 కోట్ల మందికి సరఫరా నిలిచిపోయినప్పుడు, క్లీవ్‌లండ్ నగరంలో నీటి పంపులు ఆగిపోయి లక్షలాది మందికి కుళాయి నీరు కూడా కరువైంది. పెట్రోలు బంకులో ఇంధనం ఉన్నా పైకి తోడే మోటారు తిరగదు. సెల్ టవర్ల బ్యాటరీలు కొన్ని గంటలకు మించి నిలవవు. టీకాలు నిల్వ ఉండే శీతల గదులు, మురుగునీటిని తోడే పంపులు, ఆసుపత్రులలో శ్వాస యంత్రాలు, అన్నీ ఒకే తీగకు వేలాడుతున్నాయి. ప్రపంచంలో మనుషులు చివరగా వినియోగించే శక్తిలో విద్యుత్తు వాటా దాదాపు ఐదో వంతే. కానీ మిగిలిన నాలుగు వంతులు మన దాకా చేరాలన్నా ఆ ఐదో వంతు తోడు కావాలి. ఈనాటికీ ప్రపంచంలో 60 కోట్లకు పైగా ప్రజలకు విద్యుత్తు లేదు. రాత్రి ప్రసవానికి వెలుతురు లేని ఆరోగ్య కేంద్రాన్ని తలచుకుంటే, ప్రాధాన్యాన్ని ఎక్కువ చేసి చెబుతున్నామని అనలేము.

ప్రశ్న: ఎక్కడో ఒక లైను దెబ్బతింటే మొత్తం ప్రాంతమే చీకటిలో మునగడం ఏమిటి? ఒక్కొక్క ప్రాంతం వేరుగా ఉంటే మేలు కాదా?

జవాబు: పల్లకి మోసేవారిలో ఒకరు పక్కకు తప్పుకుంటే ఆ బరువు అప్పటికప్పుడే మిగిలినవారి భుజాల మీద పడుతుంది. గ్రిడ్‌లో, అంటే కేంద్రాలనూ లైన్లనూ కలిపే విద్యుత్ వలలో, జరిగేదీ అంతే. ఒక లైను ట్రిప్ అయితే, అంటే రక్షణ కోసం తనంతట తానే సరఫరా ఆపుకుంటే, దానిలో పారుతున్న విద్యుత్తు, ఎవరి అనుమతీ లేకుండా, పక్క లైన్లలోకి మళ్ళుతుంది. భారం పెరిగిన తీగ వేడెక్కి, సాగి, కిందికి వేలాడుతుంది. 2003 ఘటనలో ఒహాయో రాష్ట్రంలో 345 కిలోవోల్టుల లైన్లు అలాగే సాగి చెట్ల కొమ్మలకు తగిలి ఒకదాని తరువాత ఒకటి ట్రిప్ అయ్యాయి. అక్కడి నియంత్రణ కేంద్రంలో హెచ్చరికలు ఇచ్చే సాఫ్ట్‌వేర్ అప్పటికే పనిచేయడం మానేసింది. తెర మీద ఏమీ కనిపించకపోవడంతో సిబ్బంది అంతా సవ్యంగానే ఉందనుకున్నారు. సమయానికి కొంత లోడును, అంటే కొంత వాడకాన్ని, తప్పించి ఉంటే మిగతా ప్రాంతాలు నిలిచేవి. చెట్లు కొట్టించడం వంటి సాదా నిర్వహణ పనికి డబ్బు తగ్గించడం ఎంత ప్రమాదమో ఈ ఉదంతం చెబుతుంది.

2012 జూలై 30, 31 తేదీలలో భారతదేశంలో రెండుసార్లూ తొలుత ట్రిప్ అయినది అధిక భారం మోస్తున్న 400 కిలోవోల్టుల బినా–గ్వాలియర్ లైను. రెండోరోజు ఉత్తర, తూర్పు, ఈశాన్య గ్రిడ్లు కుప్పకూలి 60 కోట్లకు పైగా జనం నివసించే ప్రాంతాలకు సరఫరా ఆగింది. అప్పటికి మిగిలిన గ్రిడ్లతో ఒకే ఫ్రీక్వెన్సీలో కలవని దక్షిణ గ్రిడ్ నిలిచింది. మీ వాదానికి ఇది బలమిచ్చేలా కనిపించినా, నేను అంగీకరించను. విడిగా ఉన్న చిన్న వ్యవస్థలో ఒక్క కేంద్రం ఆగినా ఆదుకునేవారు ఉండరు. కలిసి ఉన్నప్పుడు ఒకచోటి లోటును మరోచోటి మిగులు తీరుస్తుంది, అదనంగా సిద్ధంగా ఉంచవలసిన సామర్థ్యం కూడా తక్కువ సరిపోతుంది. కావలసింది విడిపోవడం కాదు. ఫ్రీక్వెన్సీ పడిపోతున్నప్పుడు కొంత లోడును వెంటనే తమంతట తామే కత్తిరించే పరికరాలైన రిలేలు ప్రతిచోటా నిజంగా పనిచేసే స్థితిలో ఉండటం.

ప్రశ్న: మా ఇంటి కప్పు మీది సౌర ఫలకాలు మేము వాడేదానికన్నా ఎక్కువే ఇస్తున్నాయి. కనెక్షన్ తీసివేయవచ్చా?

జవాబు: తొందరపడకండి. మీ మిగులు నెల మొత్తం మీద లెక్క. మీ అవసరం క్షణక్షణం లెక్క. మధ్యాహ్నం మిగిలినది గ్రిడ్‌కు ఇచ్చి రాత్రి దాని నుంచి తీసుకుంటున్నారు. బ్యాటరీ ఒక రాత్రిని దాటిస్తుంది, వారం రోజుల ముసురును దాటించాలంటే దాని పరిమాణం చాలా పెరగాలి. పైగా మోటారు మొదలయ్యే క్షణంలో మామూలు కన్నా కొన్ని రెట్లు కరెంటు లాగుతుంది, గ్రిడ్ లేకపోతే దానినీ మీ బ్యాటరీయే అందించాలి. ఇంకొక సంగతి: బ్యాటరీ లేని సాధారణ సౌర ఇన్వర్టరు, గ్రిడ్ పోయిన వెంటనే తానూ ఆగిపోతుంది. లోపమని అనుకోవద్దు, లైను మీద మరమ్మతు చేసే కార్మికుని ప్రాణం కాపాడటానికే దానిని అలా తయారుచేస్తారు.

ప్రశ్న: పెద్ద అంతరాయం తరువాత సరఫరా తిరిగి రావడానికి అన్ని గంటలు ఎందుకు?

జవాబు: విద్యుత్ కేంద్రాన్ని నడపడానికే విద్యుత్తు కావాలి. బాయిలరుకు నీరు పంపే పంపులు, గాలి ఊదే ఫ్యాన్లు దానితోనే తిరుగుతాయి. అందుకే బయటి సహాయం లేకుండా మొదలుకాగల కేంద్రాలను, సాధారణంగా జల విద్యుత్ కేంద్రాలను, ముందు నడిపి, వాటి నుంచి పెద్ద థర్మల్ కేంద్రాలకు లైను కలుపుతారు. అలా విడిగా నడుస్తున్న ఆ చిన్న భాగానికి, ఇంజనీర్ల మాటలో ద్వీపానికి, కొద్దికొద్దిగా లోడు చేర్చుతూ, వేరే ద్వీపంతో ఫ్రీక్వెన్సీ, వోల్టేజి సరిగ్గా సరిపోయిన క్షణంలో రెండింటినీ కలుపుతారు. ఏ దశలో లోడు ఒక్కసారిగా పెరిగినా పని మళ్ళీ మొదటికి వస్తుంది. ఒక ప్రాంతానికి సరఫరా ఇచ్చే లైనును, అంటే ఫీడరును, కలిపిన క్షణంలో అన్ని ఇళ్ళలోని ఫ్రిజ్‌లూ ఏసీలూ మోటార్లూ ఒకేసారి మొదలవడం ఇంజనీర్లను ఎక్కువగా భయపెట్టే విషయం. కనుక కరెంటు పోయినప్పుడు పెద్ద ఉపకరణాల స్విచ్‌లన్నీ ఆపి, వచ్చిందని తెలియడానికి ఒక్క దీపం మాత్రం వేసి ఉంచండి. అది వెలిగిన పది నిమిషాల తరువాత మిగిలినవాటిని ఒక్కొక్కటిగా వేసుకోండి.