మూత బిగించాకే ఈల్‌ను తీసుకురా

సీతమ్మధార,
విశాఖపట్నం.

చిరంజీవి మేనల్లుడికి మావయ్య ఆశీస్సులు.

నువ్వు మోరే ఈల్‌ను పెంచాలనుకుంటున్నావనీ, ఊళ్లో ఒక దుకాణంలో అప్పుడే అడ్వాన్సు కూడా ఇచ్చి వచ్చావనీ మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. ఇంట్లోకి పామును తెస్తున్నావని ఆవిడ గోల. అది చేపేనని అక్కకు నచ్చజెప్పే పని నాకు వదిలెయ్. ఇరవై ఏళ్లకు పైగా ఇంట్లో ఉప్పునీటి అక్వేరియం నడిపినవాడిగా నీకు చెప్పవలసినవి కొన్ని ఉన్నాయి. ఫోన్‌లో చెబితే సగం మరిచిపోతావు కాబట్టి రాసి పంపుతున్నాను.

ముందు ఆ చేప ఏ జాతిదో తేల్చుకో. మోరేల్లో దాదాపు 200 జాతులున్నాయి. హిందూ మహాసముద్రంలో దొరికే జెయింట్ మోరే 3 మీటర్ల పొడవు, 30 కిలోల బరువు దాకా పెరుగుతుంది. అడుగు పొడవున్న పిల్లను చూసి ముచ్చటపడి తెచ్చుకుంటే తర్వాత దాన్ని ఏ తొట్టిలోనూ పెట్టలేవు. రిబ్బన్ ఈల్ నీలం, పసుపు రంగుల్లో కన్నుల పండువగా ఉంటుంది గాని, తిండి ముట్టక చిక్కిపోయి చచ్చిపోయేవే ఎక్కువ. ఇక 'మంచినీటి మోరే' అని చెప్పి అమ్మేది నదులు సముద్రంలో కలిసే చోట, ఉప్పుటేరుల్లో బతికే జాతి. కుళాయి నీళ్లలో వేస్తే కొన్ని నెలలు బాగానే ఉన్నట్టు కనిపించి, ఆ తర్వాత తిండి మానేస్తుంది. ఉప్పు ఖర్చు మిగులుతుందని దాని జోలికి పోవద్దు. మొదటిసారి పెంచేవాడికి నేను ఒప్పుకునేది స్నోఫ్లేక్ మోరే ఒక్కటే. తెల్లటి ఒంటి మీద నల్లటి మచ్చలు, వాటి మధ్య పసుపు చుక్కలు ఉంటాయి. ఇళ్లలో సాధారణంగా రెండు అడుగులకు కాస్త అటూ ఇటూగా ఆగుతుంది. దాని పళ్లు పీతల పెంకులు నలపడానికి తగ్గట్టు మొద్దుగా ఉంటాయి కాబట్టి, చేపలను వేటాడే మోరేల కోరపళ్లంత భయం లేదు.

ఇప్పుడు మూత సంగతి. ట్యాంకు కన్నా, ఫిల్టర్ కన్నా ముందు దీని గురించే రాయాలనుకున్నాను. నా మొదటి స్నోఫ్లేక్ పోయింది జబ్బు చేసి కాదు. ఫిల్టర్ గొట్టం కోసం మూతలో ఒక మూల రెండు వేళ్లు పట్టేంత సందు వదిలాను. ఒకరోజు తెల్లవారుజామున పాలప్యాకెట్ తీసుకుందామని తలుపు దగ్గరికి వెళితే, చెప్పుల స్టాండు కింద పాత తోలు బెల్టులాంటిది కనిపించింది. వంగి చూస్తే అదే. ఒంటి జిగురు ఎండి, దానికి దుమ్ము, తలవెంట్రుకలు అంటుకుని, నోరు తెరుచుకుని ఉంది. హాలు నేల మీద ఆరిపోయిన జిగురు చార ఫ్రిజ్ వెనక్కి వెళ్లి, అక్కడి నుంచి తిరిగి గుమ్మం దాకా వచ్చింది. ఆ చారను తడిగుడ్డతో తుడిచింది మీ అత్తయ్య. ఆ పూట మేమిద్దరం పెద్దగా మాట్లాడుకోలేదు.

తర్వాత తెలుసుకున్నది ఏమిటంటే, ఈ జాతికి నీటి బయటికి రావడం కొత్త పని కాదు. పోటు తగ్గినప్పుడు రాళ్ల మీదికి ఎగబాకి పీతలను పట్టగలదు. పట్టిన ఎరను నీళ్లలోకి తిరిగి వెళ్లకుండా నేల మీదనే మింగగలదని 2021లో ప్రయోగశాలలో చిత్రీకరించి మరీ చూపించారు. అలాంటి ప్రాణికి నీ ట్యాంకు అంచు ఒక లెక్కా? తల దూరితే ఒళ్లు దూరినట్టేనని గుర్తుంచుకో. సైన్‌బోర్డులు చేసే షాపులో కనీసం 6 మిల్లీమీటర్ల మందం ఉన్న అక్రిలిక్ షీటును కొలతకు కోయించు. అంతకంటే సన్ననిదైతే నీటి ఆవిరికి వంగి మూలలు పైకి లేస్తాయి. గాలి ఆడడానికి చిన్న చిన్న రంధ్రాలు వేయించి, నాలుగు వైపులా క్లాంపులు బిగించు. గొట్టాలు, వైర్లు వెళ్లే చోట మిగిలిన సందును స్పాంజితో కాకుండా గట్టి ప్లాస్టిక్ జాలీతో మూయాలి, ఎందుకంటే స్పాంజిని అది ముక్కుతో పొడిచి తోసేస్తుంది. పైనీళ్లు ఫిల్టర్‌లోకి జారే ఓవర్‌ఫ్లో పెట్టె ఉంటే దానికీ జాలీ తప్పదు.

ట్యాంకు 4 అడుగుల పొడవు, ఒకటిన్నర అడుగు వెడల్పు, 2 అడుగుల ఎత్తు ఉంటే బాగుంటుంది. పైన కొంత ఖాళీ వదిలితే అందులో సుమారు 300 లీటర్ల నీళ్లు పడతాయి. అంటే నీటి బరువే 300 కిలోలు. గాజు, రాళ్లు, స్టాండు కలిపితే 400 దాటుతుంది. మీది అపార్ట్‌మెంట్ కాబట్టి హాలు మధ్యలో పెట్టకుండా, కింద బీమ్ ఉన్న గోడ వారగా పెట్టించు.

నీళ్ల విషయంలో నీకు వచ్చే మొదటి ఆలోచన నాకు తెలుసు. ఎదురుగా బంగాళాఖాతం ఉంటే ఉప్పు కొనడం ఎందుకని క్యాన్లు పట్టుకుని ఆర్కే బీచ్‌కు వెళతావు. నేనూ వెళ్లాను. తీరం వెంబడి కాలువల నీళ్లు కలుస్తాయి, హార్బరు వైపు నూనె తేలుతుంది, పైగా మన సముద్రపు ఉప్పదనం ఏడాది పొడవునా ఒకేలా ఉండదు. వానాకాలంలో గంగ, మహానది వంటి నదులు పోసిన మంచినీరు అక్టోబరు, నవంబరు నెలల్లో తీరం వెంట దక్షిణానికి దిగివచ్చి, ఇక్కడి పైనీటిని బాగా పలచన చేస్తుంది. కాబట్టి ఆర్వో నీళ్లలో అక్వేరియం ఉప్పు కలుపుకోవడమే మేలు. లీటరుకు సుమారు 35 గ్రాములు, అంటే మొదటిసారి పది కిలోలకు పైగా పడుతుంది. ఆ తర్వాత పదిహేను రోజులకోసారి ఐదో వంతు నీళ్లు మార్చితే, నెలకు నాలుగు కిలోల పైచిలుకు ఉప్పు కావాలి. ఈ ఖర్చు నీ జీతంలో ఇముడుతుందో లేదో ఇప్పుడే లెక్క వేసుకో. వంట ఉప్పు పనికిరాదు. మరొక మాట, ట్యాంకులో నీళ్లు ఆవిరై తగ్గినప్పుడు ఉప్పునీళ్లు పోయకు. ఆవిరయ్యేది నీరే తప్ప ఉప్పు కాదు కదా, అందుకని తగ్గినంత మేరా ఉత్త ఆర్వో నీళ్లే పోయాలి. ఈ చిన్న లెక్క తప్పి చేపలను చంపుకున్నవాళ్లను చాలామందిని చూశాను.

నీళ్లు పోసిన వారానికే ఈల్‌ను వేయకూడదు. చేప విసర్జించే అమ్మోనియాను నైట్రైట్‌గా, దాన్ని నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియా ఫిల్టర్‌లో కుదురుకోవడానికి 4 నుంచి 6 వారాలు పడుతుంది. టెస్ట్ కిట్‌లో అమ్మోనియా, నైట్రైట్ రెండూ వరుసగా కొన్ని రోజులు సున్నా చూపించాకే తీసుకురా. మాంసం తినే చేప కాబట్టి వ్యర్థం ఎక్కువ. ఫిల్టర్ నీ ట్యాంకుకు సరిపోయేదాని కన్నా ఒక మెట్టు పెద్దదే తీసుకో, వ్యర్థాన్ని నురగగా బయటికి తీసే ప్రొటీన్ స్కిమ్మర్ కూడా పెట్టు.

వేడి మన ఊళ్లో అసలైన చిక్కు. ఈల్‌కు 24 నుంచి 27 డిగ్రీల నీళ్లు కావాలి, మే నెలలో మూసిన గదిలో ట్యాంకు 31, 32కు సులువుగా చేరుతుంది. వేడెక్కిన నీటిలో ప్రాణవాయువు తక్కువ కరుగుతుంది. నీటి మీదికి ఫ్యాను తిప్పితే చాలని పొడి ఊళ్లవాళ్లు చెబుతారు, కానీ మన ఉక్కపోతలో నీరు అంతగా ఆవిరి కాదు గనక ఆ ఉపాయం ఇక్కడ సగమే పనిచేస్తుంది. నీళ్లను చల్లబరిచే చిల్లర్ కొను, లేదా ఏసీ గదిలో పెట్టు.

కరెంటు గురించి కూడా చెప్పాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు నువ్వు చిన్నవాడివి. మా వీధికి రోజుల తరబడి కరెంటు లేదు. నా దగ్గర బ్యాటరీతో నడిచే ఎయిర్ పంపు ఒకటే ఉంది, రెండో రోజుకు దాని సెల్స్ అయిపోయాయి, దుకాణాలు లేవు. మీ అత్తయ్య, నేను వంతులు వేసుకుని కొవ్వొత్తి వెలుగులో చెంబుతో నీళ్లు ముంచి జానెడు ఎత్తు నుంచి మళ్లీ ట్యాంకులోకే పోశాం, గాలి కలవడానికి. తిండి పూర్తిగా ఆపేశాం, దానివల్ల నీరు చెడలేదు. మోరే వారం రోజులు పస్తుంటే ఏమీ కాదు. కరెంటు వచ్చాక ఒక పని మాత్రం బుద్ధిగా చేశాను. మూసి ఉండే క్యానిస్టర్ ఫిల్టర్ ఆగిపోతే లోపలి బ్యాక్టీరియా ఊపిరాడక చచ్చి కుళ్లుతుంది. దాన్ని అలాగే ఆన్ చేస్తే ఆ విషమంతా ట్యాంకులోకి వస్తుంది. కడిగి, లోపలి నీళ్లు పారబోసి, ఆ తర్వాతే నడపాలి. అప్పుడు నా దగ్గరున్న ఈల్ ఆ తర్వాత కూడా చాలా ఏళ్లు బతికింది.

తిండి వారానికి రెండు మూడుసార్లు చాలు. పూర్ణా మార్కెట్‌లోనో ఫిషింగ్ హార్బరులోనో పచ్చి రొయ్యలు, స్క్విడ్, చిన్న పీతలు కొని, ఉప్పూ పసుపూ తగలనివ్వకుండా కడిగి, వారం పాటు డీప్ ఫ్రీజర్‌లో ఉంచి, కరిగించి పెట్టు. ఎప్పుడూ రొయ్యలే పెట్టకు. కొన్ని రకాల రొయ్యల్లో, చేపల్లో బి1 విటమిన్‌ను విరగ్గొట్టే పదార్థం ఉంటుంది. బతికున్న గోల్డ్‌ఫిష్‌ను వేసి స్నేహితులకు తమాషా చూపించే అలవాటు కొందరికి ఉంది. రోగాలు తెచ్చుకోవడానికి అంతకన్నా దగ్గరి దారి లేదు. తెచ్చిన కొత్తలో రెండు వారాలు ఏమీ ముట్టకపోయినా కంగారు పడకు.

చేత్తో తినిపించే సాహసం మాత్రం వద్దు. దీనికి చూపు అంతంతమాత్రం, వాసనే దారి. రొయ్య ఒలిచిన వేలికీ రొయ్యకూ దానికి తేడా తెలియదు. పైగా దాని గొంతులో రెండో జత దవడలున్నాయి. ముందు దవడలు ఎరను పట్టగానే అవి లోపలి నుంచి ముందుకొచ్చి, కొరికి వెనక్కి లాగుతాయి. దీన్ని డేవిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన రీటా మెహతా, పీటర్ వెయిన్‌రైట్ 2007లో ప్రచురించారు. నేను మాత్రం అంతకు ముందే నా చూపుడు వేలితో తెలుసుకున్నాను. గాయం చిన్నదే, కానీ చీము పట్టి పది రోజులు మందులు వాడాను. అడుగున్నర పొడవున్న పటకారు కొని, దాన్ని ట్యాంకు పక్కనే తగిలించు. ఈల్ ఎప్పుడూ నోరు తెరిచి మూస్తుంటే మీ అమ్మ బెదిరిస్తోందనుకుంటుంది. అది ఊపిరి తీసుకోవడమేనని చెప్పు.

రాళ్లను ఇసుక పోశాక కాకుండా ముందే అడుగు గాజు మీద పేర్చాలి, లేకపోతే అది కింద తవ్వినప్పుడు కూలి దాని మీదే పడతాయి. రెండంగుళాల పీవీసీ పైపు ముక్కలు రెండు మూడు దాచి పెడితే రాళ్ల కన్నా వాటినే ఇష్టపడుతుంది. పగడపు రాళ్లు ఇస్తామని ఎవరైనా అంటే తీసుకోకు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వాటిని కాపాడుతోంది, చిక్కుల్లో పడతావు. తోడుగా రొయ్యలను, పీతలను వేస్తే అవి భోజనం కిందే లెక్క. జబ్బు చేసిందని రాగి ఉన్న మందు పోయకు, పొలుసులు లేని చేప దాన్ని తట్టుకోలేదు.

ఇంకొక సంగతి. స్నోఫ్లేక్ పదేళ్లు దాటి బతుకుతుంది. రేపు నీకు హైదరాబాదుకో బెంగళూరుకో బదిలీ అయితే దీన్ని ఎవరు చూస్తారో ఆలోచించావా? రుషికొండ దగ్గర సముద్రంలో వదిలేస్తాననకు. ఎక్కడి నుంచో వచ్చిన చేప వెంట ఇక్కడ లేని రోగాలూ దిగుతాయి. నేను ఉన్నంత కాలం నా దగ్గరికి పంపవచ్చు, కానీ నాకూ డెబ్బై దగ్గరపడ్డాయి.

దుకాణదారు దగ్గరికి వెళ్లి, మిగతా డబ్బు ఆరు వారాల తర్వాత ఇస్తానని, అప్పటిదాకా చేపను అక్కడే ఉంచమని అడుగు. తీసుకునే రోజున నీ కళ్ల ముందు ఒక రొయ్య తినిపించి చూపమను. తినకపోతే ఖాళీ చేతులతో తిరిగి రా, అడ్వాన్సు పోతే పోనీ. ఈ ఆదివారం ట్యాంకు పైభాగం కొలతలు రాసుకుని మా ఇంటికి రా. మూతకు అట్టతో నమూనా కోసి చూద్దాం. నీటి ఉప్పదనం కొలిచే నా రిఫ్రాక్టోమీటర్ తుడిచి పెట్టాను, అది కూడా పట్టుకెళ్లు. పోయినసారి అత్తయ్య పులిహోర పెట్టి పంపిన స్టీలు డబ్బా మరిచిపోకుండా తీసుకురమ్మంది.

ఇట్లు,
మీ మావయ్య